నిప్పుకోళ్లు గెలిచిన ఆదివారం

అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్యకి సూటిగా చూసింది కనపడట్లేదే. పక్కలది మాత్రం కనపడుతుందంట. డాక్టర్ ఇంక డ్రైవ్ చెయ్యొద్దన్నాడు, కారు అమ్మేశాం," అంది. అది విన్నాక నాకు ముందుగా తట్టింది కారూ కాదు, డాక్టరూ కాదు, ఆదివారం పొద్దున్న టీవీలో వచ్చే కార్ల రేసు. చూపు లేకపోతే విఠల్ మావయ్య రేసు ఎలా చూస్తాడు? రేసు లేకపోతే ఆ మనిషి ఆదివారాలు ఏం చేసుకుంటాడు? నేనుండేది న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో. ఆ వారాంతానికే ఫ్లైట్ బుక్ చేసుకుని అరిజోనాలోని చాండ్లర్ బయల్దేరాను. విమానంలో కూర్చున్నంతసేపూ ఏం చెప్పి ఓదార్చాలా అని మాటలు కూడగట్టుకుంటూనే ఉన్నాను. ఓదార్చడం నాకు బొత్తిగా చేతకాని పని. ఉన్న ఏడుపు కాస్తా పెంచి వస్తానని మా అమ్మ నన్ను ఎవరింటికీ పరామర్శకి పంపేది కాదు.

విఠల్ మావయ్య మా అమ్మకి తమ్ముడు. చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసేవాడు. నేను ఎమ్మెస్ చదవడానికి వచ్చినప్పుడు, యూనివర్సిటీ పక్క ఊళ్లోనే కావడంతో, రెండు సూట్‌కేసులతో తిన్నగా వాళ్లింట్లోనే దిగాను. ఇప్పుడు చాండ్లర్ అంటే ఎటు చూసినా ఆఫీసులు, ఇండియన్ గ్రోసరీలు, దోసెల హోటళ్లు. అప్పుడు మా వీధి చివర పత్తి చేను ఉండేది. గుంటూరు జిల్లాలో పుట్టి, ఇంత దూరం వచ్చి మళ్లీ పత్తి చేను పక్కనే ఇల్లు కొన్నాడని అత్తయ్య మావయ్యని ఆడిపోసుకునేది. ఇంటి కప్పు మీద నీళ్లతో నడిచే పాత కూలర్ ఒకటి ఉండేది. ఎండాకాలం అది తిరుగుతుంటే ఇల్లంతా తడిపిన వట్టివేళ్ల తడికల వాసన వేసేది. మార్చి నెలలో మాత్రం దాని జోలికి పోకుండా కిటికీలన్నీ తెరిచి పెట్టేవాళ్లం. ఆ నెలలో వీధి వీధంతా నారింజ చెట్లు పూతకొచ్చేవి. ఎడారిలో అంత తియ్యటి గాలి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఇవాళ్టికీ ఆ వాసన ఎక్కడైనా తగిలితే నా మోకాళ్ల నొప్పులు కాసేపు సర్దుకుంటాయి.

మావయ్యకి రేసుల పిచ్చి మద్రాసులో పట్టింది. అక్కడ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఊరవతల పాత రన్‌వే మీద కార్ల పందేలు జరిగేవట. ముళ్లకంప పక్కన నిలబడి మొహం నిండా దుమ్ము కొట్టించుకుని వచ్చేవాడట. ఆ దుమ్ము ఆయన ఒంట్లోంచి ఎన్నడూ వదల్లేదని అత్తయ్య అనేది. ఆయనకి ఏ రేసు పడితే ఆ రేసు పనికిరాదు. చక్రాలు నాలుగూ బయటికి కనపడే పొడుగాటి కార్లు, దేశదేశాలు తిరిగే ఫార్ములా వన్ రేసులు, అవే కావాలి. అవి ఎక్కువగా యూరప్‌లో మధ్యాహ్నం పూట జరిగేవి కాబట్టి మాకు అరిజోనాలో తెల్లవారుజామున కేబుల్ టీవీలో వచ్చేవి. రేసు ఉన్న ఆదివారానికి ముందురోజే అత్తయ్య పెసలు నానబోసేది. మావయ్య చీకటితోనే లేచి, తలస్నానం చేసి, కింద లుంగీ, పైన ఇస్త్రీ చొక్కాతో టీవీ ముందు కూర్చునేవాడు. లుంగీ ఎందుకంటే ఇల్లు కాబట్టి, చొక్కా ఎందుకంటే రేసు కాబట్టి. టీవీ అద్దాన్ని లుంగీ అంచుతో తుడిచేవాడు. ఎర్రలైట్లు వెలిగి ఆరి కార్లు కదిలేదాకా ఇంట్లో ఎవ్వరూ నోరెత్తకూడదు. ఒకసారి ఆ సమయంలో నాకు తుమ్మొస్తే, చెంగుతో నా ముక్కు నొక్కేసింది అత్తయ్య. ఆమెకి రేసంటే గిట్టదు, కానీ ఇంటి పద్ధతంటే పద్ధతే.

పక్కింటి వాల్టర్ మా ఇంట్లో అడుగుపెట్టింది అలాంటి ఒక తెల్లవారుజామునే. ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పే మాస్టారు. పొద్దు పొడవకముందే మా ఇంట్లో లైట్లన్నీ వెలుగుతుండేసరికి, ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని, నిద్రబట్టల్లోనే కారు తాళాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వాల్టర్ మాటలన్నీ ఇంగ్లీషే, నేను నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను. "ఆస్పత్రికి ఎవర్ని తీసుకెళ్లాలి?" అన్నాడు గుమ్మంలో రొప్పుతూ. మావయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఎవర్నీ కాదు, కూర్చో, ఇంకా సగం రేసుంది," అన్నాడు. అత్తయ్యకి మాత్రం మొహమాటం ముంచుకొచ్చి, పొరుగాయన్ని ఉత్త చేతులతో పంపకూడదని, వేడి పెసరట్టు మీద అల్లప్పచ్చడి వేసి చేతిలో పెట్టింది. ఆయన ఒకటి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. ఆ తర్వాత రేసున్న ప్రతి ఆదివారం మా కాలింగ్ బెల్ మోగేది. తను వచ్చేది పెసరట్టు కోసమే తప్ప రేసు కోసం కాదని వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే ఓ మాట చెప్పి మరీ లోపలికొచ్చేవాడు.

ఎందుకంటే వాల్టర్‌కీ రేసుల పిచ్చే, కాకపోతే అది వేరే రేసు. మామూలు కార్లలాగే కనపడే బరువైన కార్లు కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ట్రాక్ మీద ఎడమకి తిరుగుతూ, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వెళ్లే రేసు. అమెరికావాళ్లకి అదే ప్రాణం. ఆ రెండు పిచ్చులూ మా హాల్లో తలపడేవి. విఠల్ అనడానికి నోరు తిరక్క, మావయ్యని విట్ అనేవాడు వాల్టర్.

"నేను మా రేసుకి వెళ్తే ఒక్క కుర్చీలో కూర్చుని ట్రాక్ మొత్తం చూస్తాను విట్. మీ కారు ఒకసారి కనపడి పోతుంది. అది మళ్లీ వచ్చేలోపు నేను హాట్‌డాగ్ తిని, చెయ్యి కడుక్కుని, ఇంటికి ఫోన్ చేసి రావచ్చు."

"నువ్వు తిండికి వెళ్తావా, రేసుకి వెళ్తావా?"

"రెంటికీ. అమెరికా అంటే అదే. పైగా మీవాళ్ల పేర్లు నాకు నోరు తిరగవు, ఒక్కడూ మనూరివాడు కాదు. మా డ్రైవర్ నా టోపీ మీద సంతకం పెట్టి మా అమ్మ ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. మీవాళ్లు అడుగుతారా? అసలు మీ కార్లు ఒకదాన్నొకటి ముట్టుకోనైనా ముట్టుకోవు."

"ముట్టుకుంటే చక్రాలు ఊడతాయయ్యా! అందుకే అది విద్య."

వంటింట్లోంచి అత్తయ్య, "అయితే మడి కట్టుకున్న కార్లన్నమాట," అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు మడి కార్లే. వాల్టర్‌కి మడి అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఒక పూటంతా పట్టింది. అంతా విని, తమ నాయనమ్మ కూడా అంతేనని తేల్చేశాడు.

పైకి నవ్వులాటే గానీ, మావయ్యకి అది పంతం. ఫ్యాక్టరీలో ఆయన చుట్టూ ఉన్న వందల మందిలో ఒక్కడికీ ఈ రేసు పట్టదు. సోమవారం పొద్దున్న తను చూసిన అద్భుతం చెప్పుకోవడానికి మనిషి దొరకడు. కాఫీ తాగుతూ ఒకసారి నాతో అన్నాడు: "ఒక్కడు చాలే సుజాతా. ఎవరూ లేపకుండా, పెసరట్టు మీద ఆశ లేకుండా, తనంతట తను లేచి ఈ రేసు చూసే అమెరికావాడు ఒక్కణ్ణి తయారుచేశాననుకో, ఈ దేశంలో నాకూ ఒక మనిషి ఉన్నట్టే." నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఇన్ని మాటలు మాట్లాడే మావయ్య ఒంటరివాడని అంతదాకా నాకు తట్టలేదు.

అలాంటి సమయంలో ఆ రేసే మా గుమ్మంలోకి వచ్చింది. పక్కనున్న ఫీనిక్స్ నగరంలో, నడివీధుల్లో సిమెంటు గోడలు పేర్చి ఫార్ములా రేసు పెడుతున్నారన్నారు. మావయ్య ఆ వార్త చదివి, పేపరు మడిచి, చెప్పులేసుకోకుండా వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చాడు. ఫ్యాక్టరీలో మిగతావాళ్లు మాత్రం రోడ్లు మూసేస్తున్నారని విసుక్కున్నారు, అంతే. ఆ విసుగు చూసేసరికి మావయ్యకి బెంగ పట్టుకుంది. "జనం రాకపోతే వాళ్లు ఇంకో ఊరు చూసుకుంటారు. పోయిందంటే మళ్లీ రాదు." ఇంక ఆ రేసుకి జనాన్ని తోలుకెళ్లే పని తన నెత్తిన వేసుకున్నాడు. తెలిసిన తెలుగువాళ్లందరికీ కలిపి గ్యాలరీలో ఒక వరసంతా బుక్ చేశాడు. వాల్టర్‌ని బతిమాలాడు. పులిహోర ఉంటుందంటేనే వస్తానన్నాడు వాల్టర్. ఉంటుందన్నాడు మావయ్య.

రేసుకి ముందు ఆదివారం మా పెరట్లో తెలుగు కుటుంబాలన్నీ చేరి భోజనాలు చేస్తున్నప్పుడు మావయ్య గరిటెతో గిన్నె మీద కొట్టి ప్రకటించాడు. రేసు ఒంటిగంటకి. ఆయన చెప్పింది మాత్రం పదింటికని. ఇందులో మోసమేమీ లేదు. మన ఫంక్షన్లకి పిలిచేవాళ్లు ముందు టైమే చెబుతారు, వచ్చేవాళ్లు ఆ తేడా తీసేసుకుని వస్తారు, అక్కడికి లెక్క సరిపోతుంది. పెరట్లో ఉన్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనివాడు ఒక్కడే, మూల కుర్చీలో గోంగూర పచ్చడితో కుస్తీ పడుతున్న వాల్టర్. పదింటికన్నది ఆయన చెవిన పడింది. విప్పి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు. టికెట్లు పంచితే ఇంట్లో మర్చిపోయి వస్తారని మావయ్య అందరివీ తన దగ్గరే ఉంచుకున్నాడు. వాల్టర్ మాస్టారు కదా, పారేసుకోడని ఆయనది ఆయనకి అప్పుడే ఇచ్చేశాడు.

రేసు రోజు పొద్దున్న అత్తయ్య చింతపండు పులుసు ఉడికించి, పెద్ద అల్యూమినియం ట్రే నిండా పులిహోర కలిపింది. వేరుసెనగగుళ్లూ ఎండుమిరపకాయలూ ధారాళంగా వేసింది. పోపు మాడిందని ఒకసారి పారబోసి మళ్లీ వేసింది కాబట్టి ఆలస్యమైంది. తను తయారై వెనకాల ప్రసాద్ గారి వ్యాన్‌లో వస్తానని, ట్రే నా చేతికిచ్చి మమ్మల్ని ముందు పొమ్మంది. ప్రసాద్ గారు మావయ్యతో పనిచేసే ఇంజనీరు, పిల్లలందర్నీ వ్యాన్‌లో కుదేసి తెచ్చే బాధ్యత ఆయనది. నేనూ మావయ్యా గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. మావాళ్లు ఒక్కరూ లేరు. మావయ్యకి అది మామూలే కాబట్టి కంగారు పడలేదు. చొక్కా సర్దుకుని, గేటు పక్కన, పెళ్లిపందిరి ముందు నిలబడే పెళ్లికూతురి తండ్రిలాగా నవ్వుమొహంతో నిలబడ్డాడు.

ఒంటిగంటయింది. సిమెంటు గోడల వెనకాల ఇంజన్లన్నీ ఒక్కసారి అరిచాయి. టీవీలో దోమల రొదలా వినపడే చప్పుడు అక్కడ నా డొక్కల్లో వినపడింది. చేతిలో ట్రే వణికింది. నేను మావయ్య మొహం చూశాను. కళ్లు మూసుకుని వింటున్నాడు.

"మావయ్యా, నువ్వు లోపలికి వెళ్లు. టికెట్లు నాకివ్వు, నేనుంటాను."

"పిలిచినవాళ్లం గుమ్మంలో లేకపోతే బావుంటుందటే? అదుగో, వచ్చేస్తూ ఉంటారు."

"అత్తయ్య ఉందిగా వాళ్లతో, నిన్నేం అనుకోరు."

"వాళ్లు అనుకోరే. నాకే కాళ్లు లోపలికి పడవు."

అలా నిలబడ్డాడు. కార్లు గోడకి అవతల మా ముందు నుంచే వెళ్తున్నాయి, మాకు కనపడేది గోడ మాత్రమే. ఇది ముందు వెళ్లినదాని చప్పుడు కాదు, ఎవరో దాటారు అనేవాడు. మళ్లీ రోడ్డు వైపు చూసేవాడు. మద్రాసు ముళ్లకంప నుంచి ఎదురుచూసిన రేసు. నాకు ఆ వ్యాన్ మీద, ప్రసాద్ గారి మీద, లోకంలో ఆలస్యంగా వచ్చే తెలుగువాళ్లందరి మీదా పట్టలేని కోపం వచ్చింది. మావయ్యకి రాలేదు. అదే నాకు ఇంకా కోపం.

రేసైపోయింది. చప్పుళ్లు ఆగిపోయి, జనం పలచగా బయటికి వస్తుండగా మూడు వ్యాన్లు వరసగా వచ్చి ఆగాయి. పిల్లలు దూకారు. ప్రతి పిల్ల జడలోనూ, ప్రతి పిల్లాడి టోపీలోనూ ఒక నిప్పుకోడి ఈక. ఆ రోజే చాండ్లర్‌లో నిప్పుకోళ్ల పందేలు. వెనకటి రోజుల్లో ఆ చుట్టుపక్కల వాటిని ఈకల కోసం పెంచేవారట, ఆ గుర్తుగా వాటి మీద మనుషుల్ని ఎక్కించి పరుగు పెట్టించే సంబరం ఒకటి జరుపుతారు. దారిలో పిల్లలు అది చూసి గోల పెట్టారు. రేసెలాగూ పదింటికి మొదలవదు కదా, ఓ అరగంట చూసిపోదామని ప్రసాద్ గారు వ్యాన్ ఆపారు. ఆయన దిగుతూనే, "ఏమండీ విఠల్ గారూ, ఇంకా మొదలవలేదు కదా?" అన్నారు. ఆ వెనక మా అత్తయ్య, కొప్పులో ఈకతో, నవ్వాపుకోలేక పక్కనున్నావిడ భుజం పట్టుకుని దిగింది. "ఏవండీ, ఎంత బావున్నాయో! ఒకటి సగం దూరం వెళ్లి వెనక్కి తిరిగింది చూడండీ, దాని మీద కుర్రాడు..." అంటూ మావయ్య మొహం చూసి ఆగిపోయింది. నెమ్మదిగా కొప్పులో ఈక తీసి వెనక దాచుకుంది.

"అయిపోయింది," అన్నాడు మావయ్య. ఆ వెంటనే ట్రే వైపు తిరిగాడు. "సరే, అందరూ ఆకలిగా ఉంటారు. సుజాతా, ప్లేట్లు తియ్యమ్మా."

అప్పుడు గేట్లోంచి వాల్టర్ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. నేరుగా మావయ్య మీదికే వచ్చాడు. "పదింటికన్నావు విట్! పదికి పావుగంట ముందు నుంచి ఎండలో కూర్చున్నాను. వరసంతా ఖాళీ, మధ్యలో నేనొక్కణ్ణి. ఇవన్నీ నీ సీట్లేనా అని అందరూ అడిగారు." ఊపిరి తీసుకున్నాడు. ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు గొంతు మారింది. "సరే అది పోనీ. ఆ కుర్రాణ్ణి చూశావా? ఆ మలుపు దగ్గర?"

"చూడలేదు."

"ఏ మలుపు దగ్గర చూడలేదు?"

"ఏదీ చూడలేదు వాల్టర్. ఇక్కడే ఉన్నాను."

వాల్టర్ ఈకలు పెట్టుకున్న పిల్లల్ని చూశాడు, ట్రేని చూశాడు, మావయ్య చేతిలో మడత నలగని టికెట్ల కట్టని చూశాడు. మాస్టారు కదా, ఎవరూ చెప్పకుండానే పాఠం అర్థమైంది. నా చేతిలోంచి పులిహోర ప్లేటు తీసుకుని కారు బానెట్ మీద పెట్టాడు. ప్లాస్టిక్ చెంచాతో పులిహోరలో సందులు తీశాడు, అవి వీధులు. ఒక వేరుసెనగగుండు ఏరాడు. "ఇది చిన్న టీమ్ కుర్రాడు. నిన్నటిదాకా ఎవరికీ తెలీదు." ఒక ఎండుమిరపకాయ ఏరాడు. "ఇది ఛాంపియన్." ఇక మొదలుపెట్టాడు. కుర్రాడు అందరికంటే ముందు ఎలా దూసుకుపోయాడో, ఛాంపియన్ వెనకాల నీడలా ఎలా పట్టుకున్నాడో, ఒక మలుపులో మిరపకాయ లోపలివైపు నుంచి గుండుని ఎలా దాటేసిందో, జనం అయిపోయిందనుకునేలోపు తర్వాతి మలుపులోనే గుండు మళ్లీ మిరపకాయని ఎలా దాటేసిందో, ఆ చెంచాతోనే చూపిస్తూ చెప్పాడు. "ముట్టుకోలేదు విట్! రెండు కార్ల మధ్య నా అరచెయ్యి పట్టదు, అయినా ముట్టుకోలేదు!" చుట్టూ మూగిన పిల్లలు గుండు వైపు చేరి అరిచారు. ప్రసాద్ గారు మిరపకాయ పక్షం. మావయ్య బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, వంగి, ఆ ప్లేటులోకి చూస్తున్నాడు. టీవీ ముందు ఆయన అలా చూడగా నేనెన్నడూ చూడలేదు. చివరికి ఛాంపియనే గెలిచాడు. గెలిచినవాణ్ణి వాల్టర్ అలవాటుగా నోట్లో వేసుకున్నాడు. అది మిరపకాయని గుర్తొచ్చేలోపు నమిలేశాడు. కళ్ల వెంట బొటబొటా నీళ్లు. అత్తయ్య మంచినీళ్లకి పరిగెత్తింది. అందరం విరగబడి నవ్వాం. నాకూ కళ్లు తడిశాయి, నేను మిరపకాయ తినలేదు. మావయ్యకి ఆ రోజు మనిషి దొరికాడని నాకు అర్థమైంది, అందుకు.

"అయితే మా రేసు బావుందన్నమాట," అన్నాడు మావయ్య.

వాల్టర్ ముక్కు తుడుచుకుని, "నేనలా అన్లేదు," అన్నాడు. "బళ్లో యుద్ధాల గురించి కూడా చెప్తాను. అంటే నాకు యుద్ధాలు ఇష్టమనా?"

ఆ రోజు కార్లకంటే నిప్పుకోళ్లకే ఎక్కువ జనం వెళ్లారని ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. నిజమో కాదో గానీ, మా మూడు వ్యాన్ల మటుకు అది అక్షరాలా నిజం. ఆ తర్వాత కొన్నాళ్లకి రేసు ఆ ఊరు వదిలి వెళ్లిపోయింది. మావయ్య భయపడ్డట్టే మళ్లీ రాలేదు. ఆ వార్త వచ్చిన వారం మావయ్య పొద్దున్నే లేవలేదు, అత్తయ్య పెసలు నానబెట్టలేదు. అయినా తెల్లవారుజామున బెల్ మోగింది. పెసరట్లు లేవని నేను చెప్పాను. "తెలుసు, వాసన రాలేదుగా," అని వాల్టర్ లోపలికొచ్చి టీవీ పెట్టాడు. నేను చదువు ముగించుకుని న్యూజెర్సీ ఉద్యోగానికి వెళ్లిపోయేదాకా ఆయన రాని రేసు ఆదివారం లేదు, పెసరట్టు కోసమేనని చెప్పని ఆదివారమూ లేదు.

ఈసారి ఎయిర్‌పోర్ట్‌కి మావయ్య మనవరాలు, కూతురి కూతురు నేహా కార్ తీసుకుని వచ్చింది. యూనివర్సిటీలో చదువుతోంది. నెత్తిన ఏదో ఫార్ములా టీమ్ టోపీ. "అత్తా, నీకు టీమ్ ఉందా? లేకపోతే నా టీమ్ తీసుకో, ప్లీజ్," అంది బెల్ట్ పెట్టుకోకముందే. ఏ డ్రైవర్‌కి ఎవరితో పడదో, ఎవరి కుక్క పేరేమిటో, ఎవరు ఏడ్చారో దారంతా చెప్పింది. టైర్ల గురించి అడిగితే, "అది తాత డిపార్ట్‌మెంట్," అంది. మా ప్లెయిన్స్‌బరోలోనూ ఇదే వరస. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఆదివారం పొద్దున్నే ప్రొజెక్టర్ పెట్టుకుని చూస్తున్నారు, వాళ్లలో సగంమంది తెల్లవాళ్లే. ఆఫీసులో నా మేనేజర్ ఒక రేసు చూడడానికి లీవు పెట్టాడు. ఒకప్పుడు మావయ్య బతిమాలినా ఎవరూ కూర్చోని సీట్ల కోసం ఇప్పుడు జనం కొట్టుకుంటున్నారు. ముందు నాకు ఒళ్లు మండింది. కుక్క పేరు తెలిసినవాళ్లంతా రేసు తెలిసినట్టేనా అని. తర్వాత ఆలోచిస్తే, వాల్టర్ మొదట్నుంచీ అడిగింది అదే కదా. వేగం ఎంతైనా చూపించు, మనిషి ఎవరో చెప్పకపోతే నాకెందుకన్నాడు. ఎవరో వచ్చి ఆ మనుషుల కథలు టీవీలో సిరీస్‌లుగా చెప్పారు, దేశం కూర్చుంది. ఆ కిటుకు మాకు ముందే పులిహోర ప్లేటులో దొరికింది. మేం దాన్ని తినేశాం.

"తాత ఇంకా రేసు చూస్తున్నాడా?" అన్నాను భయపడుతూనే.

"చూస్తాడు అత్తా. నువ్వే చూడు రేపు," అంది నేహా.

ఇంట్లో అత్తయ్య పెద్ద గిన్నెలో పెసలు నానబోస్తోంది. మావయ్య నా మొహాన్ని నేరుగా చూడకుండా, అలిగినవాడిలా తల పక్కకి తిప్పి, కంటి చివర నుంచి నన్ను పోల్చుకున్నాడు. "లావయ్యావే," అన్నాడు. పక్కచూపు బాగానే పనిచేస్తోందని తెలిసింది.

తెల్లవారుజామున అల్లం వాసనకి మెలకువ వచ్చింది. హాల్లోకి వచ్చేసరికి నేహా ఫ్రెండ్స్, ఎక్కువమంది అమెరికన్ పిల్లలే, దుప్పట్లతో సహా వచ్చి కార్పెట్ మీద సర్దుకుంటున్నారు. ఆరింటికి రేసు. "వాళ్లకి ఆరు అని చెప్పాను, తెలుగు ఫ్రెండ్స్‌కి మాత్రం ఫైవ్ అని చెప్పాను," అంది నేహా గుసగుసగా. తెలుగు ఫ్రెండ్స్ ఇంకా రాలేదు. మావయ్య లుంగీ మీద ఇస్త్రీ చొక్కాతో తన కుర్చీలో ఉన్నాడు, గుమ్మం వైపు చూడట్లేదు. వీధి తలుపు ఓరగా తీసి పెట్టి ఉంది, వచ్చేవాళ్లే తోసుకుని వస్తారు. ఆ తలుపులోంచే వాకర్ ఊతంతో, తెల్లటి తలతో వాల్టర్ వచ్చాడు. "పెసరట్టు కోసం," అని నాకేసి చెప్పి, మావయ్యని ఆనుకుని కూర్చున్నాడు. అత్తయ్య అడక్కుండానే ఒక స్టీలు పళ్లెం తెచ్చి ఇద్దరి ఒడిలో పెట్టింది. అందులో పులిహోర. పక్కన వేరుసెనగగుళ్లు, ఒక ఎండుమిరపకాయ.

ఎర్రలైట్లు వెలిగాయి. గదంతా నిశ్శబ్దం. లైట్లు ఆరగానే నేహా రిమోట్ తీసి టీవీలో కామెంటరీ తగ్గించేసింది. వాల్టర్ మావయ్య చూపుడువేలు పట్టుకుని పులిహోరలో తీసిన దారి మీద పెట్టాడు. "ముందు గుండు. మిరపకాయ మూడోది. ఇదిగో, మలుపు, ఇక్కడ లోపలికి దూరింది, పట్టుకో, నీ వేలి పక్కనే ఉంది." మావయ్య వేలు నడుస్తోంది. పిల్లలు ఒక్కొక్కరే టీవీ వదిలి కుర్చీ చుట్టూ చేరారు. విమానంలో కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ అవసరం రాలేదు. నేను కార్పెట్ మీద ఆ పిల్లల మధ్యే కూర్చున్నాను. ఆ ఇంట్లో నన్ను ఎవరైనా ఓదార్చాలంటే అది సంతోషం పట్టలేకపోతున్నందుకే.

రేసు మధ్యలో ఒక అమెరికన్ కుర్రాడు వాల్టర్‌ని అడిగాడు: "సర్, మీరు ఎప్పట్నుంచి ఫార్ములా వన్ ఫ్యాన్?"

వాల్టర్ మావయ్య వేలు వదలకుండానే వాడికేసి అదోలా చూశాడు. "నేనా? నేను ఫ్యానేమిటి? నాకు మా కోడిగుడ్డు ట్రాక్ రేసులే ఇష్టం. ఈయనోసారి గేటు దగ్గర ఉండిపోయాడు. లోపల ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పాలి కదా."

మావయ్య మెల్లగా నా చెవి వైపు వంగాడు. "కంగారు పడకే," అన్నాడు తెలుగులో, "ఇంకొక్క సీజన్. దార్లోకొస్తాడు."